తుఫాను రాకముందే కుట్టాల్సిన బొంత

(ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో, వేసవి మొదట్లో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు వచ్చిన అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, వెనక గోడ వారగా నిలబడి వింటున్న అన్నదమ్ములకు నమస్కారం. బొంతల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. నాలుగు మాటలతో ఆపలేను, కొంచెం ఓపిక పట్టాలి. ఈ పని నా మనసుకు అంత దగ్గరిది.

ముందు కొన్ని తేదీలు గుర్తు చేస్తాను. 1999 అక్టోబర్ 17న బరంపురాన్ని, గంజాం తీరాన్ని ఒక తుఫాను ఊడ్చేసింది. అదే నెల 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ దాటింది, దాదాపు పదివేల ప్రాణాలు తీసుకుపోయింది. పైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర. హుద్‌హుద్ సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2014 అక్టోబర్ 12న, విశాఖపట్నం మీద. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర. గులాబ్ కొంచెం ముందుగా, 2021 సెప్టెంబర్ 26న కళింగపట్నం దగ్గర. 2019 మే నెలలో పూరీని కొట్టిన ఫణిని పక్కన పెడితే, మన సరిహద్దు జిల్లాలకు గుర్తుండిపోయిన గాలివానలన్నీ వినాయక చవితి దాటాక, దీపావళి లోపే వచ్చాయి.

ఆ తర్వాత ఏం వస్తుంది? కార్తీకం వస్తుంది. మంచు వస్తుంది. మహేంద్రగిరి ఎత్తు పదిహేను వందల మీటర్లు. దాని చుట్టూ ఉన్న ఊళ్లలో కార్తీక మాసపు రాత్రి ఎలా ఉంటుందో ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందికి తెలుసు. కొరాపుట్ వైపు పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలకు ఇంకా బాగా తెలుసు. దసరాకు ఇంటి కప్పు ఎగిరిపోయిన కుటుంబం నాగుల చవితి నాటికి ఇంకా పాలిథిన్ పట్టా కిందే ఉంటుంది. ఆ పట్టా వానను ఆపుతుంది. చలిని ఆపదు, పైగా తెల్లవారేసరికి లోపలివైపు చెమ్మ పట్టి చుక్కలు చుక్కలుగా మీద పడుతుంది.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. ఇంటి పని, వంట, పిల్లల బడి అన్నీ చూసుకుంటూ మధ్యాహ్నాలు మాత్రమే కూర్చుని కుడితే, తల్లీ ఇద్దరు పిల్లలూ కప్పుకునే పెద్ద బొంతకు సుమారు మూడు వారాలు పడుతుంది. తుఫాను వార్త టీవీలో చూసి, అయ్యో అని కళ్లు తుడుచుకుని, అప్పుడు సూదికి దారం ఎక్కిస్తే బొంత ఎప్పటికి తయారవుతుంది? రోడ్లు తెరుచుకుని, ఎవరో ఒకరు వాటిని కొండ మీదికి చేర్చేసరికి నెల దాటిపోతుంది. పసిబిడ్డకు ఆ నెలే గండం. అందుకే ఈ సభ ఎండాకాలంలో పెట్టమని పట్టుబట్టాను. బొంత వైశాఖంలో మొదలుపెట్టాలి, శ్రావణం నాటికి మడతపెట్టి పెట్టెలో ఉంచాలి. ఈరోజు నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగిలినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ప్రభుత్వం ఈ పాఠాన్ని మనకంటే ముందే నేర్చుకుంది, ఆ మాట ఒప్పుకోవాలి. 1999 తర్వాత ఒడిశాలో విపత్తుల కోసమే ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టారు. పైలిన్ వచ్చినప్పుడు ముందుగానే లక్షల మందిని కదిలించారు. అంత పెద్ద గాలికి పోయిన ప్రాణాలు పదుల్లోనే ఆగాయి. మనుషులను బతికించే పని ముందుగా చేసుకుంటే ఫలితం ఎలా ఉంటుందో కళ్లారా చూశాం. బతికిన మనుషులకు ఆ రాత్రి, మర్నాటి రాత్రి ఏం కప్పాలి అన్నది మాత్రం ఇప్పటికీ తుఫాను వచ్చాకే ఆలోచిస్తున్నాం. ఈ పని ఆడవాళ్ల చేతుల్లో ఉన్న పని. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

తిత్లీ ఇంకొకటి చెప్పింది. అందరి కళ్లూ సముద్రం వైపు ఉంటే దెబ్బ కొండల్లో తగిలింది. తీరం దాటిన తుఫాను మన గజపతి జిల్లా మీదుగా కదిలి కుండపోతగా కురిసింది. మహేంద్రతనయ, వంశధార ఒడ్డులు కోసుకుపోయాయి. బరఘరా ఊరివాళ్లు వాన నుంచి తప్పించుకోవడానికి గుహలాంటి చోట తలదాచుకుంటే కొండచరియ వాళ్ల మీదే విరిగిపడింది. ఆ ఊరి పేరు నేను ప్రతి సభలోనూ తలుస్తాను. సాయం లారీలు తారు రోడ్డు ఉన్నంతవరకే వెళతాయి, ఆ పైన ఉన్న ఊళ్లకు మనిషి నెత్తి మీద మోసుకెళ్లాలి. అందుకే బొంత బరువు కూడా మనం ఆలోచించాల్సిన విషయమే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాత బట్టల సంగతి ముందు తేల్చేద్దాం. తుఫాను రాగానే మనందరికీ తోచేది బీరువా తెరిచి పాతవన్నీ మూటగట్టి ఇచ్చేయడం. మంచి మనసుతోనే చేస్తాం. కానీ 2001 జనవరి 26 గుజరాత్ భూకంపం తర్వాత, 2004 సునామీ తర్వాత ఆ మూటలు ఏమయ్యాయి? తమిళనాడు తీరంలో రోడ్ల పక్కన కుప్పలుగా పడి వానకు తడిసి కుళ్లిపోయాయి. జాలరి ఆడవాళ్లు ఎన్నడూ వేసుకోని బట్టలు, చలికోట్లు, గుండీలు లేని చొక్కాలు. గూంజ్ సంస్థ వాళ్లు ఆ కుప్పల్లోంచి పనికొచ్చే నూలు గుడ్డ ఏరి, శుభ్రం చేసి, ఆడపిల్లలకు నెలసరి గుడ్డలుగా మార్చారు. ఆ సంస్థ పెట్టిన అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. వాళ్లు పాత గుడ్డతో బొంతలు కూడా కుట్టిస్తారు, కుట్టిన ఆడవాళ్లకు కూలి ఇస్తారు. నాకు వాళ్ల పనిలో నచ్చేది ఒక్కటే విషయం: ఇచ్చేవాడి బీరువా ఖాళీ కావడం కాదు, తీసుకునేవాడికి ఏం కావాలో అది చూస్తారు.

పాత చీర పాత చీరగానే వెళితే అది ఒకరు వదిలేసిన బట్ట. నాలుగు చీరలు ఉతికి, కత్తిరించి, పొరలుగా పరిచి, మూడు వారాలు కూర్చుని కుడితే దాన్ని తీసుకునే మనిషి తల దించుకోనక్కర్లేదు. కుట్టిన చేతుల శ్రమ ఎంతో ఆవిడకు కనిపిస్తుంది. ఆవిడ కూడా కుట్టిన మనిషే కదా.

ఇక పనిలోకి వద్దాం. ఈ భాగం పెన్ను తీసి రాసుకునేవాళ్లు రాసుకోండి.

నూలు చీరలే తీసుకోవాలి. పాలిస్టరు, జార్జెట్ వద్దు. కొండ ఊళ్లలో పొయ్యి పక్కనే పడక. నిప్పురవ్వ పడితే పాలిస్టరు కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు అలా అతుక్కోదు, చిల్లు పడుతుంది, అతుకు వేసుకోవచ్చు. మరీ జీర్ణమైన చీర కూడా వద్దు. చీరను దీపం ముందు పట్టుకుని చూడండి, వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే అది గిన్నెలు తుడుచుకోవడానికే పనికొస్తుంది. జరీ అంచు ఉంటే విప్పేయాలి, పసిపిల్లల బుగ్గలు గీసుకుపోతాయి. గంజి పూర్తిగా వదలాలి, గంజి ఉన్న గుడ్డను పురుగు వెతుక్కుంటూ వస్తుంది. వేడినీళ్లలో ఉడకబెట్టి, రోహిణి కార్తె ఎండలో రెండు రోజులు రెండు వైపులా ఆరబెట్టండి. మన ఎండను మించిన మందు లేదు.

చీర పొడవు ఐదున్నర మీటర్లు, వెడల్పు మీటరు మీద ఆరంగుళాలు. పొడవును మూడు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఆరడుగులు వస్తుంది. ఒక్క మనిషి కప్పుకునే బొంతకు రెండు చీరలు, అంటే ఆరు పొరలు. తల్లీపిల్లలకైతే ముక్కలను రెండేసి పక్కపక్కన చేర్చుకోవాలి, నాలుగు చీరలు పడతాయి, పొరలు మళ్లీ ఆరే. బరువు రెండు కిలోల దరిదాపు. ఒక మనిషి ఎనిమిది బొంతలు మూటగట్టి కొండ ఎక్కగలడు. దూది నింపిన రజాయిలు ఎందుకు కుట్టకూడదు అని చాలామంది అడుగుతారు. పొడిగా ఉన్నంతసేపు రజాయికి సాటి లేదు. ఒక్కసారి తడిస్తే లోపల దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది, వారానికి కూడా ఆరదు, ముక్కిన వాసన వస్తుంది. కప్పు కారే ఇంట్లో అది బరువే తప్ప వెచ్చన కాదు. పొరల బొంతను పిండి తీగ మీద వేస్తే ఎండ ఉన్న రెండు రోజుల్లో ఆరుతుంది. వెచ్చదనం అసలు గుడ్డలో లేదు, పొరకూ పొరకూ మధ్య కదలకుండా నిలిచిన గాలిలో ఉంది. కాబట్టి గుడ్డను బిగించి గట్టిగా లాగి కుట్టకండి. పొరలు ఒకదాని మీద ఒకటి తేలికగా కూర్చోవాలి.

గోనెసంచులు కుట్టే దబ్బనంతో బొంత కుట్టవద్దు, అది గుడ్డకు చిల్లులు చేస్తుంది. కన్ను పెద్దదిగా ఉన్న పొడవాటి సూది చాలు. ముందు నాలుగు మూలలా, మధ్యలో అడ్డంగా నిలువుగా వదులు కుట్లు వేసి పొరలు జారకుండా పట్టించాలి. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి. వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ల ఎడం. మా పెద్దవాళ్లు దారం కొనేవారు కాదు. పాత చీరల అంచుల్లోంచి రంగు పోగులు లాగి, రెండు మూడు పేనుకుని కుట్టేవారు. బెంగాల్ లోనూ ఒడిశాలోనూ కంథా కుట్టే ఆడవాళ్లదీ అదే పద్ధతి. ఇప్పుడు కండె దారం చవకగానే దొరుకుతుంది, అదే వాడండి. ఇంట్లో పనికి పాత పోగు సరిపోతుంది, వరదకు తట్టుకోవాల్సిన బొంతకు కొత్త దారమే మేలు.

ముడి గురించి చెప్పాలి. ఇది నాకు ఏ దర్జీ దగ్గరా దొరకని చదువు. పైలిన్ తర్వాత చలికాలంలో గోపాలపూర్ దగ్గర ఒక జాలరి పల్లెకు బొంతలు తీసుకెళ్లాం. ఆ తీరం పొడవునా, పూరీ పెంటకోట దాకా, ఇసుక మీద ఇళ్లు కట్టుకున్న మన తెలుగు జాలరి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఒడిశా వాళ్లు నోలియాలు అంటారు. అక్కడ తెగిన వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన బొంత తీసుకుని కప్పుకోలేదు. మోకాళ్ల మీద బోర్లా పరిచాడు. కుట్టు వరస మీద బొటనవేలు పెట్టి మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరికి జరిపాడు. ఒక చోట ఆగి పోగును గోటితో లేపి చూపించాడు. “అమ్మా, ఇది ఇక్కడ తెగిందనుకో, చంటిదాని కాలి వేలు ఇందులో తగులుకుని లాగితే వరస వరసంతా ఊడిపోతుంది. వల మేం అలా కట్టం. ఒక కన్ను తెగితే ఆ కన్నుతోనే పోవాలి” అన్నాడు. నా చేతిలోంచి సూది తీసుకుని జానెడు కుట్టి, సూదిని ఒక కుట్టు వెనక్కి తిప్పి, పోగును తన కింద నుంచే దూర్చి బిగించాడు. మళ్లీ జానెడు, మళ్లీ ముడి. అప్పటి నుంచి మేం కుట్టే ప్రతి బొంతకూ జానెడుకొక ముడి ఉంటుంది. కుట్టడానికి ఆలస్యం అవుతుంది, నిజమే. కానీ ఆ ముడి వేసిన బొంతలు ఎన్ని ఉతుకులు ఉతికినా వరస వదలలేదు. ఇల్లు పోయిన మనిషి సాయం తీసుకునే చోట కూర్చుని మనకు పని నేర్పాడు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పసిపిల్లల బొంతలు వేరే కుట్టాలి. రెండు మూడు పొరలు మించకూడదు, గజం పొడవు చాలు. పుట్టిన బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంతకు తగ్గితే బిడ్డ తనంతట తాను వేడి పుంజుకోవడం కష్టం. బరువైన బొంత బిడ్డ మీద వేయకూడదు, ముఖం మీదికి జారితే ప్రమాదం. బిడ్డను తల్లి గుండెకు ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టి, తల బయట ఉంచి, ఇద్దరి చుట్టూ కలిపి కప్పాలి. బొంత ఇచ్చేటప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వండి. చెప్పడానికి అర నిమిషం పట్టదు.

ఇంకొకటి, దయచేసి మరిచిపోకండి. దాచేటప్పుడు కలరా ఉండలు వేయవద్దు. మనందరికీ అలవాటే, పెట్టె తెరిస్తే ఆ వాసన వస్తేనే శుభ్రంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న శిశువులకు ఆ మందు వాసన పట్టిన బట్ట చుడితే నెత్తురులో ఎర్రకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. వైద్య పుస్తకాల్లో ఉన్న సంగతే ఇది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఈ లోపం ఎక్కువగా కనిపిస్తుంది, మన ఏజెన్సీ అలాంటి ప్రాంతమే. ఆరిన వేపాకు మూటగట్టి వేయండి, మిరపకాయలు నాలుగు వేయండి, నెలకోసారి ఎండకు పెట్టండి. ఇనుప పెట్టె నేల మీద కాకుండా బల్ల మీదో అటక మీదో ఉండాలి. వరద మన ఇంటికీ రావచ్చు కదా.

ప్రపంచంలో మనం మొదటివాళ్లం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు ఇళ్లు కూలిపోయిన ఇంగ్లండ్ కుటుంబాల కోసం కెనడా ఆడవాళ్లు ముక్కలు అతికిన బొంతలు కుట్టి రెడ్ క్రాస్ ద్వారా ఓడల మీద పంపారు. వెనక మూలకు రెడ్ క్రాస్ చీటీ కుట్టిన బొంతలు ఇప్పటికీ అక్కడి ఇళ్లలో ఉన్నాయి. బాంబు పడిన రోజు ఎవరూ మొదలుపెట్టలేదు. ఊరూరా చర్చి గదుల్లో, ఇళ్లలో ఏడాది పొడవునా కుడుతూనే ఉన్నారు, కాబట్టే అడిగిన రోజున పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. 1945లో అమెరికాలో మొదలైన లూథరన్ వరల్డ్ రిలీఫ్ అనే సంస్థకు అక్కడి ఆడవాళ్లు ఇప్పటికీ బొంతలు కుట్టి ఇస్తున్నారు. ఆ సంస్థ అడిగే కొలత 60 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. రంగులు మురికి కనపడనివి కావాలంటారు. బొంత మీద జెండాలు, మత చిహ్నాలు, సైన్యం బట్టల డిజైన్లు ఉండకూడదంటారు. క్రైస్తవ సంస్థే సిలువ వద్దంటున్నది చూడండి.

మనకూ ఆ నియమం కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో మూడో వంతుకు మించి క్రైస్తవులు. మిగిలినవాళ్లలోనూ కొండ దేవతలను కొలిచేవాళ్లున్నారు. ఓం వద్దు, స్వస్తిక్ వద్దు, సిలువ వద్దు, పార్టీ గుర్తు అసలే వద్దు. కొత్త బట్టకు మూలన పసుపు పెట్టే మన అలవాటు నాకు ప్రాణం, అయినా అది మన ఇంటి వరకే ఉంచుకుందాం. ఇచ్చినవాళ్ల పేర్లు కుట్టవద్దు. ఈ మాట మీద నాతో చాలామంది వాదించారు. చలికి వణికే మనిషి రోజూ రాత్రి మన పేరు కప్పుకుని పడుకోవాలా?

రంగుల సంగతి కొండ మీద ఒక ముసలమ్మ దగ్గర అర్థమైంది. తిత్లీ తర్వాత మోహనా వైపు ఒక ఊళ్లో బొంతలన్నీ చాప మీద పరిచి ఎవరికి కావలసినది వాళ్లను తీసుకోమన్నాం. ఎర్ర అంచుల బొంత, పచ్చ పూల బొంత పక్కకు నెట్టి ఆవిడ అట్టడుగున ఉన్న ముదురు గోధుమ రంగు దాన్ని లాగింది. మనవరాలు పూల బొంత చూపించి మారాం చేస్తే, వేలితో పైకి చూపించింది. పైన పొగచూరిన వాసాలు. ఆ ఇంట్లో ఏ గుడ్డకైనా ఆ పొగ పడుతుంది, ఉతకాలంటే నీళ్లు కింద వాగు నుంచి రావాలి. ముదురు రంగు అంటే ఉతుకులు తక్కువ, నీళ్ల కడవలు తక్కువ. మనం ఇక్కడ కూర్చుని అందంగా ఉందని ఎంచుకునే రంగు ఆవిడకు మోత బరువు.

ఏరుకునే అవకాశం ఇవ్వడం పెద్ద విషయం. లారీ మీద నిలబడి కిందికి విసరడం నేను చూశాను. గట్టిగా ఉన్న మగవాళ్లకు మూడేసి దొరికాయి, బాలింతకు ఒక్కటీ దొరకలేదు. కాబట్టి వెళ్లేముందే ఆ ఊరి ఆశా కార్యకర్తను, అంగన్‌వాడీ అమ్మను అడిగి జాబితా రాసుకోవాలి. బాలింతలు, నెలలు నిండినవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు, దగ్గు తగ్గనివాళ్లు ముందు. ఇంటింటికీ వెళ్లి ఇవ్వాలి. ఫోటోలు వద్దు. డబ్బు పెట్టినవాళ్లకు లెక్క చూపాలంటే బొంతల ఫోటో తీయండి, మనుషుల ఫోటో తీయకండి. ప్రతి బొంతతో ఆరేసుకోవడానికి నాలుగు గజాల నైలాను తాడు, ఒక సూది, ఒక దారపు కండె పెట్టి ఇవ్వండి. చిరిగితే కుట్టుకుంటారు, కావాలంటే ఇంకొకటి వాళ్లే కుట్టుకుంటారు.

మాట్లాడేది కూడా వాళ్ల భాషలో మాట్లాడాలి. ఇది పర్లాకిమిడి. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ బడిలో పాఠాలు చెబుతూ, సవరలను తన ఇంట్లో ఉంచుకుని, వాళ్ల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకుని, వ్యాకరణం రాసి, నిఘంటువు కూర్చిన ఊరు. ఆ ఊరివాళ్లమై ఉండి మనం కొండ ఎక్కి ఒడియాలోనో తెలుగులోనో పెద్దగా అరిచి చెబితే ఎలా? మన గుంపులో సవర వచ్చిన ఇద్దరు అమ్మాయిలు ఉండి తీరాలి. వాళ్లు మోసేవాళ్లుగా వద్దు, ముందు నడిచి మాట్లాడేవాళ్లుగా రావాలి.

డబ్బు గురించి ఒక మాట. మన వీధుల్లో ఒకప్పుడు బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగేవారు. అరుగు మీద కూర్చుని, మన పాత చీరలు పరిచి, నాలుగైదు రోజులు కుట్టి కూలి తీసుకెళ్లేవారు. బజారులో మెత్తటి యంత్రపు దుప్పట్లు చవకయ్యాక వాళ్లను పిలిచేవాళ్లు లేరు. వాళ్ల చేయి మన చేయి కంటే వేగం, మన కుట్టు కంటే వాళ్ల కుట్టు సాఫు. వాళ్లను పిలుద్దాం, పిలిచి పూర్తి కూలి ఇద్దాం. సేవ కదా అని వాళ్ల చేత ఉచితంగా కుట్టించుకోవడం నాకు సమ్మతం కాదు. తీరిక ఉన్న మనం మన తీరికను దానం చేయాలి. రెక్కాడితే గాని డొక్కాడని మనిషి దగ్గర రెక్కలను దానం అడగకూడదు. చీరలు ఇవ్వలేని ఇళ్లు, కుట్టలేని కళ్లు ఉంటే కూలికి డబ్బు ఇవ్వండి, అదీ ఇందులో సమానమైన వాటాయే.

(సభలోంచి ఒక ప్రశ్న: పోయిన మా అత్తగారి చీరలు ఉన్నాయి, నూలువి, బాగున్నాయి. అవి ఇవ్వవచ్చా?)

అడగడం మంచిదైంది, అమ్మా. ఈ సందేహం చాలామందికి ఉంటుంది, అడగడానికి మొహమాటపడతారు. నా అభిప్రాయం చెబుతాను. అత్తగారి చీరలతో మీ ఇంట్లో మీ పిల్లలకు బొంత కుట్టండి. నాయనమ్మ చీర కప్పుకుని పడుకున్న పిల్లలకు అది వేరే ధైర్యం. బయటికి ఇచ్చే బొంతలో మాత్రం, తీసుకునే మనిషికి తెలిస్తే వద్దనే వస్తువు ఏదీ పెట్టకూడదు. కొందరు పట్టించుకోరు, కొందరికి పట్టింపు ఉంటుంది. ఇల్లు పోయి, మనిషి పోయి ఉన్నవాళ్లను ఆ సందిగ్ధంలో పెట్టే హక్కు మనకు లేదు. వాళ్లను అడిగి ఇవ్వగలిగితే నిరభ్యంతరంగా ఇవ్వండి. అడగలేకపోతే దానికి బదులుగా మీ చీరల్లోంచి ఒకటి తీయండి.

ఇక పని పంచుకుందాం. తలుపు దగ్గర బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టించాను. ఎడమవైపు దానిలో చీరలు ఇచ్చేవాళ్లు, ఎన్ని ఇస్తారో రాయండి, నూలువి మాత్రమే, ఉతికి తెచ్చేవి మాత్రమే. కుడివైపు దానిలో కుట్టేవాళ్లు పేరు, వీధి రాయండి. కాశీనగర్ నుంచి, గుణుపురం నుంచి వచ్చినవాళ్లు మీ ఊళ్లోనే నలుగురు కలిసి ఒక చోట కూర్చోండి, రాకపోకలకు డబ్బు దండగ చేయకండి. సూదులు, దారం నేను తెప్పించాను, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి. జానెడుకొక ముడి ఎలా వేయాలో తెలియనివాళ్లు సభ అయ్యాక ముందు వరసలోకి రండి, ఒకసారి వేసి చూపిస్తాను. మొదటి బొంతలు వినాయక చవితికి ముందే నా ఇంటికి చేరాలి. వచ్చినవాటిని తిరగేసి వెనకవైపు చూస్తాను, ముడి లేని వరస కనిపిస్తే విప్పి మళ్లీ కుట్టమంటాను, ఏమీ అనుకోవద్దు.